పాత కాంక్రీటుతో కొత్త బ్లాకులు: యార్డులో నా అనుభవం

కాంక్రీటు బండి సైటుకి వెళ్లి పూర్తిగా ఖాళీ అయి రావడం అరుదు. స్లాబుకి లెక్క తేలినదానికంటే కాస్త ఎక్కువే ఆర్డరు పెడతారు. మధ్యలో మాలు చాలక పోత ఆగితే, ముందు పోసినదానికీ తర్వాత పోసినదానికీ మధ్య జాయింటు పడుతుందని ఇంజినీరుకీ, మేస్త్రీకీ ఇద్దరికీ భయమే. అందుకే డ్రమ్ము అడుగున ఎంతో కొంత మిగిలిపోతుంది. అర ఘనపు మీటరు అంటే వినడానికి కొంచెమే అనిపిస్తుంది కానీ తూకం వేస్తే 1,200 కిలోలు. అదీ నిమిషనిమిషానికీ బిగుసుకుపోతున్న 1,200 కిలోలు.

రెడీమిక్స్ ప్లాంటులో క్వాలిటీ చూడటం నా ఉద్యోగం. పక్కనే సిమెంటు బ్లాకులు, పేవర్లు (నడకదారుల్లో పరిచే బిళ్లలు) పోసే యూనిట్ కూడా మాదే. వెనక్కి వచ్చిన మాలుని ప్లాంటు వెనక గుంటలో పోయించేవాళ్లు. మర్నాటికి అది గట్టిపడేది, దాని మీద ఇంకో బండి పోసేవాళ్లు, అది కూడా గట్టిపడేది. చూస్తూ ఉండగానే గుట్ట అయింది. దాన్ని తీయించాలంటే బ్రేకరు పెట్టి పొడిపించాలి, పొడిచినదాన్ని ఎక్కడ పోయాలో వెతకాలి. ఒకసారి మేనేజరుగారు ఆ గుట్ట ముందు నిలబడి, "కొత్త కంకర కొని తెచ్చుకుంటున్నాం, ఇక్కడున్న కంకరని డబ్బిచ్చి పారేయిస్తున్నాం. ఏమైనా చేయగలమేమో చూడండి" అన్నారు. అక్కడ మొదలైంది.

ముందు తేలికైనదాంతో మొదలుపెట్టాం. ఇనుప అచ్చులు చేయించి, మిగులు మాలుని వాటిల్లో పోయించాం. ఘనపు మీటరు దిమ్మె సుమారు 2,400 కిలోలు తూగుతుంది. పైన గుబ్బలు, అడుగున వాటికి సరిపడా గుంటలు ఉంటే ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చుంటాయి. కంకర రకాలు కలిసిపోకుండా వాటితోనే అడ్డుగోడలు పెట్టాం. మంచి పనే గానీ, ఒక యార్డుకి ఎన్ని గోడలు కావాలి? మాకు సరిపోయాక బయటివాళ్లు కొన్నారు, ఆ తర్వాత వాళ్లకీ సరిపోయాయి. మిగులు మాలు మాత్రం ఆగలేదు.

తర్వాత కడగడం మొదలుపెట్టాం. డ్రమ్ములో నీళ్లు పోసి బాగా తిప్పి, ఆ పలచటి మాలుని రిక్లెయిమరు అనే కడిగే యంత్రంలోకి వదులుతాం. లోపలి స్క్రూ కంకరనీ ఇసుకనీ పైకి తోసి బయట పడేస్తుంది. సిమెంటు నీళ్లతో పాటు తొట్టెల్లోకి పోతుంది. ఇలా వచ్చిన కంకరకి వంక పెట్టడానికేమీ ఉండదు, ఎందుకంటే సిమెంటు దానికి అంటుకుని గట్టిపడే వ్యవధే దొరకలేదు. చిక్కంతా ఆ నీళ్లతోనే. వాటి పీహెచ్ 12 పైనే ఉంటుంది, అంటే ఘాటైన క్షారం. చర్మం మీద పడితే కాలుస్తాయి, కాలువలోకి వదిలితే అందులో చేప బతకదు. కాబట్టి వాటిని తొట్టెల్లో నిలవబెట్టి, తేరిన నీళ్లని తిరిగి కాంక్రీటులోనే వాడాలి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1602 ప్రకారం అలాంటి నీళ్లలో మొత్తం ఘనపదార్థాలు 50,000 పీపీఎం లోపు ఉండాలి. అంటే బరువులో 5 శాతం. తొట్టె దగ్గర హైడ్రోమీటరు ముంచి చూస్తే సాంద్రత 1.03 దాటకూడదన్నమాట. దాటితే స్లంపు, అంటే మాలు జారుడుతనం, పడిపోతుంది, మాలు తొందరగా బిగుస్తుంది, ఎండలో ఇంకా తొందరగా. తొట్టె అడుగున పేరుకునే బూడిదరంగు బురద సంగతి చివర్లో చెబుతాను.

రాత్రి ఆలస్యంగా వచ్చిన బండ్లకి నిద్రపుచ్చే మందు కూడా వాడాం. గ్లూకోనేట్ జాతి రసాయనం అది. సిమెంటు రేణువుల చుట్టూ పట్టుకుని నీళ్లతో కలవనీయకుండా ఆపుతుంది. పొద్దున్నే దాని మీద కొత్త మాలు పోసి పంపొచ్చు. చక్కెర కూడా ఇదే పని చేస్తుంది. బండి దారిలో చెడిపోయి డ్రమ్ములో మాలు రాయి అయిపోయేలా ఉంటే చక్కెర గుమ్మరించే అలవాటు డ్రైవర్లలో ఊరికే రాలేదు. కానీ ఇంత మాలుకి ఇంత మందు, ఇన్ని గంటలు అని కచ్చితంగా లెక్క కట్టాలి. రాత్రి షిఫ్టులో ఆ లెక్క ఎవరు చూస్తారనేదే పెద్ద ప్రశ్న. మేం అరుదుగానే వాడుతున్నాం.

ఇవన్నీ పోగా మిగిలిన దాన్ని గట్టిపడ్డాక పగలగొట్టి కంకర చేద్దామనుకున్నాం. గుంటలో గుట్టగా పోయడం మానిపించి, ఖాళీ జాగాలో జానెడు మందాన పరిపించాం. మర్నాడు లోడరు బకెట్టుతో తిరగేస్తే పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. నెల తర్వాత బ్రేకరుతో కుస్తీ పట్టే పని తప్పింది. అద్దెకి తెచ్చిన జా క్రషరులో వేస్తే చక్కటి ముక్కలు వచ్చాయి. ఈ ముక్కలు మా ప్లాంటులో పుట్టినవే కాబట్టి లోపల ఏముందో మాకు తెలుసు. ఏ గ్రేడు కాంక్రీటు, ఏ సిమెంటు, ఏ కంకర, అన్నీ చలాన్లలో ఉంటాయి. మట్టి లేదు, చెక్క లేదు, రంగు లేదు. అప్పుడు మాకు ఈ పని ఎంత సులువో అనిపించింది.

ఆ ధైర్యంతోనే పడగొట్టిన భవనాల శిథిలాలు తీసుకోవడానికి ఒప్పుకున్నాం. పని అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మొదటి లారీ తిరగేసినప్పుడు కిందపడ్డవాటిని వరసగా చెబుతాను. స్లాబు ముక్కలు, ఊచలు గుచ్చుకుని ఉన్న బీము ముక్కలు, ఇటుకలు, ప్లాస్టరింగు పెచ్చులు, టైల్సు, బాత్రూము సింకు, కిటికీ అల్యూమినియం చానెళ్లు, వైర్లు, పీవీసీ పైపులు, తలుపు చెక్కలు, థర్మోకోలు, సీలింగు పలకలు, ఒక పరుపు. పరుపు ఎందుకు వచ్చిందని డ్రైవరుని అడిగితే, "అక్కడ చెత్త తీసుకెళ్లమన్నారు సార్, తెచ్చాను" అన్నాడు. అతను చెప్పింది నిజమే. పడగొట్టేవాడికి అదంతా చెత్తే. మాకేమో అందులో కొంత సరుకు, కొంత చెత్త, కొంత విషం.

ఈ విడదీసే పని గురించే ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే రీసైక్లింగు అనగానే అందరూ క్రషరు ఫొటో చూపిస్తారు. క్రషరు ఏది వేస్తే దాన్ని చిన్నది చేస్తుంది, అంతే. మంచిదాన్ని మంచి కంకర చేస్తుంది, పనికిరానిదాన్ని చిన్న చిన్న పనికిరాని ముక్కలు చేసి మంచిదాంట్లో కలిపేస్తుంది. ఒకసారి కలిసిందా, ఏ జల్లెడా విడదీయలేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది జిప్సం. ఫాల్స్ సీలింగు పలకలు, గోడల మీద వేసిన జిప్సం ప్లాస్టరు. తెల్లగా, మెత్తగా, ఏమీ చేయనట్టు ఉంటాయి. కానీ అందులో సల్ఫేటు ఉంది. కొత్త సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి అది ఎట్రింగైటు అనే స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికాలకి జాగా ఎక్కువ కావాలి, గట్టిపడ్డ కాంక్రీటులో ఆ జాగా ఉండదు. బ్లాకు లోపలినుంచి ఉబ్బి పగులుతుంది. ఇది మొదటి వారంలో తెలియకపోవచ్చు, తడి తగులుతూ ఉంటే తర్వాతెప్పుడో బయటపడుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 12620 పాత కాంక్రీటు కంకరలో నీళ్లలో కరిగే సల్ఫేటుకి పెట్టిన గట్టి హద్దు 0.2 శాతం. వంద కిలోల్లో 200 గ్రాములు. ఒక సీలింగు పలక ఎన్ని తట్టల కంకరని పాడుచేయగలదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తెల్లటి పెచ్చు కనిపిస్తే అది జిప్సమా, సున్నమా, సిమెంటు పూతా అని తేల్చడానికి జేబులో చిన్న సీసా పెట్టుకుని తిరిగేవాణ్ణి. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అది. సున్నపు పూత మీదా, పాత సిమెంటు మీదా చుక్క వేస్తే నురగ వస్తుంది, స్వచ్ఛమైన జిప్సం మీద రాదు. గోటితో గీస్తే గీత పడిందంటే అనుమానం బలపడినట్టే. ఇది ల్యాబు పరీక్షకి బదులు కాదు, లారీని లోపలికి రానివ్వాలా వద్దా అని గేటు దగ్గరే తేల్చడానికి.

అల్యూమినియంది ఇంకో తంటా. ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది, దీన్ని లాగదు. ముక్క మిగిలిపోయి కొత్త మాలులో పడితే ఆ క్షారానికి హైడ్రోజను వాయువు వదులుతుంది, బ్లాకు మీద బుడిపె లేచి ఊడిపోతుంది. గాజు ముక్కలు కొన్ని సిమెంటు క్షారాలతో కలిసి నెమ్మదిగా ఉబ్బుతాయి. చెక్క తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటుంది. ఇక ఆస్‌బెస్టాస్ రేకులు. వాటి దగ్గర చర్చే లేదు. రేకు ముక్క ఒక్కటి కనిపించినా లారీ మొత్తాన్ని వెనక్కి పంపాలని రాసి గేటుకి అంటించాం. దాన్ని క్రషరులో వేస్తే కేన్సరు తెచ్చే నారంతా గాల్లో ఉంటుంది.

ఒక కాంట్రాక్టరు దీని మీద గట్టిగానే గొడవ పడ్డాడు. "చెత్తకి కూడా పరీక్షలేంటి సార్? ఇంకెక్కడికైనా తీసుకెళ్తే చూడకుండా పోయించుకుంటారు" అన్నాడు. అతని మాట తప్పేం కాదు, అతనికి వేరే చోట్లు ఉన్నాయి. వాదించడం మానేసి అతని సైటుకే వెళ్లాం. తలుపులు, కిటికీలు, వైర్లు, పైపులు విడిగా అమ్ముకుంటే డబ్బు వస్తుంది, అవి ఎలాగూ ముందే తీస్తారు. వాటితో పాటు సీలింగు కూడా ముందే దించేయండి, తర్వాత ఇటుక గోడలు కూల్చి ఆ కుప్ప వేరుగా పెట్టండి, చివర్లో స్తంభాలూ స్లాబులూ పగలగొట్టండి అని అడిగాం. మొదట నవ్వాడు. మెషిను పెట్టి ఒక్కసారిగా కూల్చడం కంటే టైము ఎక్కువే పడుతుంది. కానీ అలా తెచ్చిన లోడుకి దించే రుసుము తగ్గించేసరికి లెక్క అతనికీ కుదిరింది. మా యార్డులో చేసిన ఏ పనికన్నా అక్కడ మాట్లాడిన ఆ కాసేపే ఎక్కువ ఫలితం ఇచ్చిందని ఇప్పటికీ అంటాను.

యార్డుకి వచ్చాక కూడా చేతితో ఏరడం తప్పలేదు. ఈ పనిలో ఆడవాళ్ల చూపు చురుగ్గా ఉండేది. బెల్టు పక్కన నిలబడి, కదిలే రాళ్ల మధ్య నుంచి థర్మోకోలు ముక్కని ఠక్కున లాగేసేవాళ్లు. వాళ్లలో పెద్దావిడ ఒకామె రాయిని రాయితో తట్టి, మోత విని, "ఇది పనికొస్తది సార్, ఇది పొల్లు" అని చెప్పేది. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, బలహీనమైంది మొద్దుగా పలుకుతుంది. ఆమె పొల్లు అన్నవాటిని విడిగా పెట్టించి ల్యాబులో చూస్తే చాలావరకు ఆమె చెప్పినట్టే ఉండేవి.

ఏరిన తర్వాత ఎంత శుభ్రంగా ఉందో అంకెల్లో తెలియాలి. దీనికి యూరప్‌లో ఈఎన్ 933-11 అని ఒక పరీక్ష ఉంది. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. నమూనా తీసుకుని నీళ్లలో వేసి తేలేవాటిని తీసేసి, మిగతావాటిని చేతితో కుప్పలు పెట్టి తూకం వేయడమే. కాంక్రీటు ముక్కలొక కుప్ప, విడి రాయి ఒక కుప్ప, ఇటుక ఒకటి, తారు ఒకటి, మిగిలినవన్నీ ఒకటి. మేలురకం అనిపించుకోవాలంటే కాంక్రీటు ఒక్కటే 90 శాతం, దానికి విడి రాయి కలిపి 95 శాతం ఉండాలి. మేం అచ్చంగా ఆ పద్ధతే పట్టుకున్నాం. విడదీసి కూల్చిన సైట్ల నుంచి వచ్చినవి ఈ గీత దాటేవి. కలగాపులగంగా వచ్చినవి దాటేవి కావు, వాటిని రోడ్ల కింద పరిచే పొరకి పంపేవాళ్లం.

క్రషరు సంగతి క్లుప్తంగా. జా క్రషరు పెద్ద దిమ్మెల్ని నమిలి చిన్నవి చేస్తుంది, పొడి తక్కువ వస్తుంది. ఇంపాక్టు క్రషరు విసిరి కొడుతుంది, ముక్కలు గుండ్రంగా వస్తాయి, పాత సిమెంటు పూత కూడా కొంత రాలుతుంది, కానీ పొడి ఎక్కువ. మొదట జా, తర్వాత ఇంపాక్టు వాడాం. మధ్యలో బెల్టు మీద అయస్కాంతం ఊచల్ని లాగేస్తుంది. ఆ ఇనుము తుక్కు కొనేవాళ్లు సంతోషంగా తీసుకెళ్తారు. దుమ్ము విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. కాంక్రీటు దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. నీళ్ల స్ప్రే ఆగితే క్రషరు ఆగాలి అని ఆపరేటరుకి చెప్పాం. స్ప్రేలు పూడిపోయిన రోజున ప్రొడక్షను అడిగేవాళ్లు ఒత్తిడి పెట్టారు కానీ క్రషరు నడవలేదు.

ఇప్పుడు ల్యాబు. పాత కాంక్రీటు ముక్కని చేతిలో పట్టుకుని చూస్తే సగం కథ కనిపిస్తుంది. లోపల అసలు రాయి, దాని చుట్టూ పాత సిమెంటు ఇసుక పూత. ఆ పూత బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉండొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదంతా సన్నటి రంధ్రాలమయం. మంచి రాతి కంకర 24 గంటలు నానబెట్టినా తన బరువులో ఒక శాతం అటూఇటుగా నీళ్లు పీలుస్తుంది. ఇది 3 నుంచి 10 శాతం దాకా పీలుస్తుంది. సన్నటి పొడి అయితే ఇంకా దారుణం.

దీని అర్థం మిక్సరు దగ్గరకొచ్చాక తెలుస్తుంది. వెయ్యి కిలోల కంకర 5 శాతం పీల్చేదైతే 50 లీటర్లు తాగుతుంది. అప్పటికే అందులో 2 శాతం తేమ ఉంటే ఇంకో 30 లీటర్లు మనం పోసిన నీళ్లలోంచి లాక్కుంటుంది. ఆ 30 లీటర్లూ సిమెంటువి. చూస్తుండగానే మాలు బిర్రబిగుస్తుంది. మిక్సరు దగ్గరున్న కుర్రాడికి తోచే ఉపాయం ఒక్కటే, ఇంకో బకెట్టు నీళ్లు. ఎంత పోయాలో తెలియక ఎక్కువ పోస్తే సిమెంటు పలచబడి బలం పోతుంది. పాత కాంక్రీటు కంకర బలహీనం అని చెప్పుకునే మాటల్లో కొంత నిజం కంకరది, ఎక్కువ భాగం ఈ బకెట్టుది.

అందుకే కుప్పల మీద ముందురోజు రాత్రి నుంచే స్ప్రింక్లరు పెట్టాం. కంకర కడుపు నిండా తాగి, పైన మాత్రం తడి ఆరి ఉండాలి. పొద్దున్నే తేమ కొలిచి నీళ్ల లెక్క సరిచేయాలి. దీంతో పాటు కలిపే వరస కూడా మార్చాం. ఇది 2005లో హాంగ్‌కాంగ్‌లో వివియన్ టామ్, సహ పరిశోధకులు ప్రచురించిన రెండంచెల పద్ధతి. ముందు కంకర, ఇసుక 60 సెకన్లు తిప్పాలి. సగం నీళ్లు పోసి మళ్లీ 60 సెకన్లు. అప్పుడు సిమెంటు వేసి 30 సెకన్లు. మిగతా నీళ్లు పోసి 120 సెకన్లు. సిమెంటు వేసే సమయానికి తడిగా ఉన్న రాయి చుట్టూ చిక్కటి సిమెంటు పాలు పట్టుకుని, పాత పూతలోని పగుళ్లనీ రంధ్రాలనీ పూడుస్తాయి. కొత్త ఖర్చేమీ లేదు, వరస మార్చడమే. ఒక్కో బ్యాచికి పట్టే టైము పెరిగిందని ఆపరేటరు మొదట్లో సణిగాడు. బలం చూడటానికి పోసిన క్యూబులు పగలగొట్టిన కాగితాలు చూపించాక సణగడం తగ్గింది.

బ్లాకులే ఎందుకు పోశామంటే, వాటికి వాడేది పొడి మాలు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. యంత్రం దాన్ని అచ్చులో వేసి వణికించి, నొక్కి, వెంటనే బయటికి తీసేస్తుంది. స్లంపుతో పని లేదు, పంపుతో పైకి పంపక్కర్లేదు, లోపల ఊచలు లేవు కాబట్టి తుప్పు బాధ లేదు. పాత కంకర తాలూకు చెడ్డగుణాల్లో సగం ఇక్కడ అడ్డురావు. హాంగ్‌కాంగ్‌లోనే పూన్ అనే పరిశోధకుడి బృందం 2002లో దీని మీద చేసిన పరీక్షలు నాకు ధైర్యం ఇచ్చాయి. 25, 50 శాతం పాత కంకర కలిపినా బ్లాకుల బలంలో పెద్ద తేడా రాలేదు. వంద శాతం దాంతోనే 28 రోజులకి 49 ఎంపీఏకి (మెగాపాస్కల్, బలాన్ని కొలిచే యూనిట్) తగ్గని పేవర్లు పోశారు. మేం సగం సగంతో మొదలుపెట్టి అక్కడే ఉండిపోయాం. వంద శాతం చేయలేక కాదు, వచ్చే లోడు ఏ రోజుకారోజు మారుతుంది కాబట్టి సగం కొత్త కంకర ఉంటే ఆ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి.

మా బ్లాకులు చూడటానికి మామూలువాటిలాగే ఉంటాయి. అంచులు కొద్దిగా గరుకు, ఇటుక ఎక్కువ కలిసిన బ్యాచి అయితే రంగు కాస్త ఎర్రగా తిరుగుతుంది. క్యూరింగు, అంటే తడిపి ఉంచడం, మాత్రం బద్దకించకుండా చేయాలి. పాత పూత ఉన్న కాంక్రీటు ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, తొందరపడి ఎండబెడితే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి.

కొనడానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "పాత సామానుతో చేసినవా?" అని. దాచలేదు. పక్కనే కంప్రెషను మెషినులో బ్లాకు పెట్టి వాళ్ల ముందే పగలగొట్టి చూపించేవాళ్లం. కాంపౌండు గోడలకీ, నడకదారులకీ తీసుకెళ్లారు. ఒకరు మాత్రం ఈ కంకర తన ఇంటి స్లాబుకే వాడతానని పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. ప్రమాణాలు ఆ దారి పూర్తిగా మూసేయలేదు నిజమే. భారత ప్రమాణం ఐఎస్ 383 2016 సవరణ ప్రకారం లీన్ కాంక్రీటులో (సిమెంటు తక్కువ వేసేది) వంద శాతం, ఊచలు లేని సాదా కాంక్రీటులో 25 శాతం, ఎం25 గ్రేడు వరకు ఆర్‌సీసీలో, అంటే ఊచలు వేసే కాంక్రీటులో, 20 శాతం వాడొచ్చు. యూరప్‌లో ఈఎన్ 206 మేలురకానికి పొడి చోట్ల 50 శాతం, మామూలు కార్బొనేషను (గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి ఇంకడం) ఉండే చోట్ల 30 శాతం దాకా సూచిస్తుంది. కానీ అవన్నీ లోడు లోడుకీ పరీక్ష చేసి, డిజైను చేసిన ఇంజినీరుకి చెప్పి చేయాల్సినవి. పాత కంకరని ఎక్కువ పాళ్లలో వాడిన కాంక్రీటు బరువు పడితే మామూలుదానికంటే ఎక్కువ వంగుతుంది, అది లెక్కలోకి తీసుకోవాలి. చలాను మీద రెండు టన్నులు పట్టుకెళ్లి మేస్త్రీ చేత కలిపించుకునే పని కాదు.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన పర్యావరణ ప్రేమ అనుకునేవాళ్లకి జర్మనీ సంగతి చెబుతుంటాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఊళ్లకి ఊళ్లు కూలిపోయాక, అక్కడ ఇటుక శిథిలాల్ని నూరి కాంక్రీటు పోసి ఇళ్లు కట్టారు. దానికోసం 1951లో డీఐఎన్ 4163 అని ప్రమాణమే తెచ్చారు. వాడలేనిది గుట్టలుగా పోశారు. బెర్లిన్‌లోని టాయ్‌ఫెల్స్‌బెర్గ్ కొండ అలా పుట్టిందే, సముద్రమట్టానికి 120 మీటర్ల ఎత్తు. అవసరం మెడ మీదకొస్తే ప్రమాణాలు ఎంత తొందరగా తయారవుతాయో!

ఇక్కడ నాకు నచ్చని మాటొకటి ఉంది. రీసైకిల్ చేస్తే కార్బన్ బాగా తగ్గిపోతుందని బ్రోషర్లలో రాస్తారు. కాంక్రీటులో కార్బన్ దాదాపు అంతా సిమెంటుది. టన్ను సిమెంటుకి సుమారు 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కంకర వాటా అందులో చాలా చిన్నది. పాత కంకర వాడి, బలం చాలట్లేదని సిమెంటు పెంచితే పోగొట్టుకునేదే ఎక్కువ. లారీలు దూరాభారం తిప్పినా అంతే. దీనివల్ల మిగిలేది కొండ, నది ఇసుక, శిథిలాలు పోసే జాగా. అవి చిన్నవి కావు. లేని గొప్ప తగిలించకుండా ఆ మాటే చెబితే చాలు.

బురద, సన్నపొడి సంగతి చివర్లో చెబుతానన్నాను. తొట్టె అడుగు బురద, క్రషరు కింద పడే 4.75 మిల్లీమీటర్ల లోపు పొడి, ఈ రెండిటికీ ఇప్పటికీ పూర్తి దారి దొరకలేదు. ఆ పొడి నిండా పాత సిమెంటే, నీళ్లు అతిగా పీలుస్తుంది. బ్లాకుల్లో ఇసుక బదులు కొద్దిగానే కలపగలం. మిగిలినదాంట్లో కొంచెం సిమెంటు, చాలా నీళ్లు కలిపి పలచగా చేసి, పైపులు వేసిన కందకాలు పూడ్చడానికి వాడుతున్నాం. అక్కడ ఎక్కువ బలం అక్కర్లేదు, తర్వాత తవ్వుకోగలిగితే మంచిది కూడా. పొడిని పలచగా పరిచి తడిపితే గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని సున్నపురాయిగా మారి గట్టిపడుతుంది, ఆ ప్రయత్నం ఒక మూల జరుగుతోంది. కేంబ్రిడ్జి పరిశోధకులు ఇంకా ముందుకెళ్లారు. ఉక్కు కరిగించే విద్యుత్ కొలిమిలో సున్నం బదులు ఈ పాత సిమెంటు వేస్తే, పైన తేలే చిట్టెం చల్లార్చి నూరాక మళ్లీ సిమెంటు అవుతుందని 2024లో నేచర్ పత్రికలో ప్రచురించారు. కాకపోతే దానికి పొడి ఇసుక కలవని సిమెంటు అయి ఉండాలి. మా గుట్టలో ఉన్నదాంట్లో సగానికి పైగా ఇసుకే. ప్రస్తుతానికి దాన్ని రెండు జల్లెళ్ల మీద వేసి, ఏ సైజులో సిమెంటు వాటా ఎక్కువుందో చూస్తున్నాం.